మామగారికి గార్డియన్

ప్రభుత్వం దగ్గర డబ్బుండదనుకునేవాళ్ళు అమాయకులు. డబ్బుంటుంది. మార్చి నెలాఖరుకి అది ఖర్చు కాకుండా మిగిలిపోవడమే అక్కడి అసలు జబ్బు. వృత్తి నైపుణ్యాల శాఖకి ఆ జబ్బు బాగా ముదిరింది. కుర్రకారుకి ఉచితంగా చేతిపనులు నేర్పిస్తామని ఊరూరా శిక్షణ కేంద్రాలు కట్టారు, యంత్రాలు కొన్నారు, మధ్యాహ్నం భోజనంలోకి కోడిగుడ్లు కూడా కాంట్రాక్టుకిచ్చారు. అన్నీ వచ్చాయి గానీ కుర్రకారు రాలేదు.

అదే రోజుల్లో శాఖలోని ఒక పెద్దమనిషి ఏవో దేశాలు తిరిగొచ్చాడు. అక్కడ యాభై దాటినవాళ్ళు సైతం కొత్త పనులు నేర్చుకుని ఉద్యోగాలు చేస్తున్నారనీ, మనవాళ్ళు మాత్రం యాభై రాగానే అరుగు మీద చతికిలబడుతున్నారనీ ఒక సభలో తెగ బాధపడిపోయాడు. పైవాడి బాధ కిందివాడికి ఉత్తర్వు. వారం తిరక్కుండా ‘మలి యవ్వన నైపుణ్య యోజన’ పుట్టింది.

కొత్త పథకానికి కొత్త నిబంధనలు రాయాలంటే కమిటీ వెయ్యాలి. కమిటీ అన్నాక నాలుగు ఊళ్ళు తిరగాలి. అంతలో మార్చి దాటిపోతుంది. అందుకని శాఖవారు ఒక్క ఉత్తర్వుతో పని ముగించారు. "పాత పథకపు నిబంధనావళి మూడవ క్లాజులో ‘పదిహేను మొదలు ముప్పై సంవత్సరములు’ అను మాటలకు బదులుగా ‘యాభై మొదలు అరవై అయిదు సంవత్సరములు’ అని చదువుకొనవలెను. తక్కిన నిబంధనలన్నియు యథాతథముగా అమలులో నుండును." ఇది రాసిన అధికారికి సమయస్ఫూర్తి కింద మెచ్చికోలు పత్రం కూడా ఇచ్చారని వినికిడి.

ఈ పథకం సంగతి పోలిశెట్టి నూకరాజు చెవిన పడేనాటికి కొత్తరేవు జూట్ మిల్లు గేటుకి తాళం పడి ఏడాది దాటింది. మిల్లులో మగ్గాల దగ్గర మేస్త్రీగా పనిచేసిన మనిషి. చెయ్యి ఊరుకోదు, ఇంట్లో పని లేదు. ఉన్న ఒక్క ఫ్యానునీ రెండుసార్లు విప్పి బిగించాడు. మూడోసారి విప్పబోతుంటే భార్య రామతులసి స్క్రూడ్రైవరు దాచేసింది.

అలాంటి సమయంలో ఊరి చివర రొయ్యల కోల్డ్ స్టోరేజీ మేనేజరు ఒక మాటన్నాడు. యంత్రాల గది చూసుకునే పాతాయన దసరాకి మానేస్తున్నాడు, ఆ లోపు శీతల యంత్రాల సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఆ పని నీకే అన్నాడు. ప్రైవేటులో ఆ చదువుకి నలభై వేలు. నూకరాజు దగ్గర నలభై వేలుంటే ఆ చదువుతో పనేముంది, టిఫిన్ బండి పెట్టుకునేవాడు. కాబట్టి సర్కారువారి ఉచిత సీటు వస్తేనే పని, పని వస్తేనే పొయ్యిలో పిల్లి లేస్తుంది. మొగుడూ పెళ్ళాలిద్దరూ మంచి రోజు చూసుకుని శిక్షణ కేంద్రానికి వెళ్ళారు.

అక్కడ సీనియర్ అసిస్టెంటు సన్యాసిరావు ఉన్నాడు. ఆయన దుర్మార్గుడేం కాదు. నిబంధనావళిలో ఉన్నది జరగాలి, లేనిది జరగకూడదు, అంతకుమించి ఆయనకి ఈ లోకంతో తగాదా లేదు. నూకరాజు కాగితాలన్నీ తిరగేసి, కళ్ళజోడు పైకి నెట్టుకుని, "మరి గార్డియన్ రాలేదా?" అని అడిగాడు.

నూకరాజు వెనక్కి తిరిగి చూశాడు, తన వెనకాల ఎవరైనా కుర్రాడు నిలబడ్డాడేమోనని. ఎవరూ లేరు.

"నన్నేనాండి అడిగింది?"

"మిమ్మల్నే. శిక్షణార్థి వెంట తండ్రి గానీ తల్లి గానీ రావాలి."

"ఆయ్, ఆళ్ళు పోయి శానాకాలమయిందండి."

సన్యాసిరావు మర్యాదగా విచారించాడు. తరవాత గార్డియన్ లేనిదే ఫారం తీసుకోవడం కుదరదన్నాడు. రామతులసి ముందుకొచ్చి, ఈయన బాగోగులు ముప్పై ఏళ్ళుగా నేనే చూస్తున్నాను, వేలిముద్ర అయినా వేస్తాను, సంతకమయినా పెడతానంది.

"క్లాజు పదకొండమ్మా" అన్నాడు సన్యాసిరావు. "తండ్రి. తండ్రి లేనిచో తల్లి. ఇరువురును లేనిచో వివాహితుడై, సంపాదనపరుడై ఉన్న దగ్గరి పురుష బంధువు. భార్య అని ఎక్కడా లేదు. పదిహేనేళ్ళవాడికి భార్యేంటని అప్పట్లో రాసుండరు."

"ఈయనకి యాభై నాలుగండి."

"అది మూడో క్లాజు. మనం మాట్లాడుకుంటున్నది పదకొండో క్లాజు."

నూకరాజుకి అన్నదమ్ములు లేరు, కొడుకులు లేరు. పద్మ అని ఒక్కతే కూతురు. పెళ్ళయి రెండేళ్ళయింది. మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకే మాట తోచింది, ఇద్దరికీ గుండె గుభేలుమంది. పురుష బంధువు, వివాహితుడు, సంపాదనపరుడు. అంటే అల్లుడు.

ఆ జిల్లాలో అల్లుడంటే మామూలు మనిషి కాదు. ఆయన గుమ్మంలో అడుగుపెడితే మామగారు కుర్చీలోంచి లేవాలి, అత్తగారు వంటింట్లోంచి గొంతు తగ్గించి మాట్లాడాలి, పెరట్లో కోడి ప్రాణం మీద ఆశ వదులుకోవాలి. నూకరాజు అల్లుడు లోవరాజు ఈ మర్యాదలన్నిటికీ తగ్గ మనిషి. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, ఇస్త్రీ మడత నలగనివ్వడు, పక్క మండలంలో రొయ్యల మేత కంపెనీలో మేనేజరు. మేనేజరునని పెళ్ళిచూపులనాడు తనే చెప్పాడు. ఆ తరవాత ఎవరూ తరచి అడగలేదు. అల్లుణ్ణి జీతమెంతని నిలదీసే మామ ఆ జిల్లాలో ఇంకా పుట్టలేదు.

కబురందగానే లోవరాజు మోటారు సైకిలు మీద వచ్చాడు. అరటిపళ్ళ గెల ఒకటీ, మిఠాయి పొట్లం ఒకటీ తెచ్చాడు. రామతులసి నాటుకోడి కూర వండి, గారెలు వేసి, పైన పెరుగు గడ్డ వేసి పెట్టింది. భోజనమయ్యాక నూకరాజు చేతులు కట్టుకుని విషయం చెప్పాడు. అల్లుడు మూతి తుడుచుకుని, కాసేపు ఆలోచించినట్టు కనపడి, "దానికేముందండి మావయ్యగారు, చూసుకుంటాను మిమ్మల్ని" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన కూర్చున్న కుర్చీ కొంచెం ఎత్తు పెరిగినట్టు నూకరాజుకి అనిపించింది.

ఫారంలో చివరి పేజీ ఒకటుంది. సంరక్షకుడు తన వార్షికాదాయాన్ని వార్డు, అంటే శిక్షణార్థి, కుటుంబ సభ్యుల సమక్షంలో ప్రకటించి, వాళ్ళ సంతకాలు సాక్ష్యంగా తీసుకోవాలి. తండ్రులు ఆదాయం దాచకుండా ఉండాలని పూర్వం ఎవరో తెలివైనవాడు పెట్టిన నిబంధన. కోడికూర తిన్న చెయ్యి ఇంకా వాసన పోలేదు, ఎదురుగా మామగారు చేతులు కట్టుకుని ఉన్నారు, తలుపు చాటున అత్తగారి కొంగు కనపడుతోంది. అలాంటి చోట ఏ అల్లుడు మాత్రం ఉన్న మాట చెబుతాడు? లోవరాజు గొంతు సవరించుకుని, ఏడాదికి తొమ్మిది లక్షలని చెప్పాడు. తలుపు చాటున రామతులసి కళ్ళు తుడుచుకుంది. తన కూతురి అదృష్టానికి అంత మురిసిపోయింది పాపం.

ఆదాయం రెండు లక్షలు దాటితే ఉచితం వర్తించదన్న సంగతి ఫారంలో లేదు. అది నిబంధనావళి చివర అనుబంధంలో ఉంది. అడిగినవాళ్ళకి సన్యాసిరావు చెబుతాడు. ఎవరూ అడగలేదు.

శిక్షణ మొదలయింది. మొత్తం పద్దెనిమిది మంది చేరారు. మూతపడ్డ మిల్లువాళ్ళు కొందరు, లారీ బాడీలు కట్టి నడుం పట్టేసినవాళ్ళు కొందరు. వాళ్ళలో పెద్దవాడు అప్పలస్వామికి అరవై ఒకటి. ప్రిన్సిపాల్ భానుమూర్తిగారికి ముప్పై ఆరు. ఆయన మెడలో టై కట్టుకుని, మొదటి రోజు ప్రార్థన సమావేశంలో, "చిన్నారులారా" అని మొదలుపెట్టి, ఎదురుగా చూసి, ఒక్క క్షణం ఆగి, ప్రసంగ పాఠం ఆమోదం పొందినది కాబట్టి అలాగే కానిచ్చారు. రేపటి పౌరులు మీరేనన్నారు. దురలవాట్లకు లోను కాకూడదన్నారు. శిక్షణ కాలంలో వివాహం చేసుకోరాదని గట్టిగా హెచ్చరించారు. ఆ ఆలోచన తనకు లేదని అప్పలస్వామి హామీ ఇచ్చాడు.

నెలకోసారి ఎత్తూ బరువూ చూసి ఎదుగుదల పట్టికలో రాయాలి. పద్దెనిమిది మందిలో ఒక్కరు కూడా ఎదగలేదు. అప్పలస్వామి అయితే అర అంగుళం తగ్గాడు. కేంద్రం నుంచి ఆయన అల్లుడికి నోటీసు వెళ్ళింది, ‘మీ వార్డు ఎదుగుదల మందగించినందున పోషకాహారము విషయమై శ్రద్ధ వహించవలెను’ అని. నులిపురుగుల మాత్రల రోజున ఏడెనిమిది మంది బీపీ మాత్రలతో పాటు అవి కూడా కలిపి వేసుకున్నారు. బడిలో చేరాక మనిషి బడిపిల్లాడే అవుతాడు. రెండో నెలకి కోడిగుడ్డు చిన్నదని కొట్లాటలు, వెనక బెంచీ కోసం పోటీలు, పాఠం మధ్యలో చీటీలు మొదలయ్యాయి.

నూకరాజు మాత్రం ముందు బెంచీలోనే కూర్చున్నాడు. పాఠం చెప్పే కుర్రాడు మంచివాడు, కంప్రెసరు విప్పి చేతికిచ్చేవాడు. గ్యాసు ఎక్కడ నొక్కుకుని వేడెక్కుతుందో, ఎక్కడ విడిచిపెడితే చల్లబడుతుందో తెలిసిన రోజున నూకరాజుకి అన్నం సహించలేదు, అంత సంబరపడిపోయాడు. చాన్నాళ్ళ తరవాత రోజు గడిచినట్టే తెలియడం లేదని భార్యతో చెప్పాడు. ఆవిడ స్క్రూడ్రైవరు బయటపెట్టింది.

వచ్చిన చిక్కల్లా సంతకాల దగ్గరే. వారానికొకసారి సత్ప్రవర్తన నివేదిక మీద గార్డియన్ సంతకం కావాలి. సెలవు చీటీ మీద కావాలి. మాత్ర వేసుకోవడానికి కావాలి. పక్క ఊరి ఐసు ఫ్యాక్టరీ చూపించడానికి తీసుకెళ్ళాలన్నా కావాలి. అదీ వార్డు నివాసంలో, వార్డు ఎదుట పెట్టాలి. అల్లుణ్ణి ఇంటికి పిలిచి, సంతకం పెట్టించుకుని, మంచినీళ్ళిచ్చి పంపించెయ్యడం ఆ జిల్లాలో ఏ కాపురానికీ క్షేమం కాదు. పిలిచిన ప్రతిసారీ కోడి పోవాల్సిందే. పండగ రోజుల్లో అయితే కొత్త చొక్కా కూడా. పెరట్లో కోళ్ళు అయిపోయాక రామతులసి పక్కింటి కోళ్ళ వంక చూడడం మొదలుపెట్టింది. చెవి దుద్దులు ఒక రోజు కనపడలేదు. అడిగితే మెరుగుకిచ్చానంది. ఉచిత చదువు ఇంత ఖరీదని ముందే తెలిస్తే ప్రైవేటులో అప్పు చేసి చదివేవాళ్ళం కదా అని ఇద్దరూ విడివిడిగా అనుకున్నారు గానీ పైకి అనుకోలేదు.

అల్లుడి వరస కూడా మారింది. మొదట్లో నివేదిక చదవకుండానే సంతకం పెట్టేవాడు. తరవాత చదవడం మొదలుపెట్టాడు. "ఏటండి మావయ్యగారు, శుక్రారం ఆలస్యంగా ఎళ్ళారంట" అనేవాడు. నూకరాజు తల వంచుకుని, బస్సు రాలేదని చెప్పుకునేవాడు. వెళ్ళేటప్పుడు మాత్రం లోవరాజు గుమ్మం దగ్గర కాసేపు ఆగేవాడు. ఈ రోజు ఏం నేర్పారని అడిగేవాడు. నూకరాజు చెబుతుంటే మోటారు సైకిలు స్టార్టు చెయ్యకుండా అలాగే వినేవాడు. ఆ వినడం నూకరాజుకి ఎక్కడో బాగుండేది.

ఆరు నెలలూ గడిచాయి. అందరూ పాసయ్యారు. సర్టిఫికెట్లు ఇచ్చే రోజున సంరక్షకుల సమావేశం పెట్టారు. హాల్లో ఒక పక్క పద్దెనిమిది మంది తలనెరిసిన శిక్షణార్థులు నీలం చొక్కాల్లో నిలబడ్డారు. ఇంకో పక్క కుర్చీల్లో పద్దెనిమిది మంది గార్డియన్లు కూర్చున్నారు. అందరూ అల్లుళ్ళే. కొడుకులున్నవాళ్ళు కూడా అల్లుణ్ణే పెట్టారు, కొడుకుని పెడితే అల్లుడు అలుగుతాడని. వెనకాల అత్తగార్లు కొంగు కప్పుకుని కూర్చున్నారు.

భానుమూర్తిగారు మైకు ముందుకొచ్చారు. ఇది చరిత్రాత్మక ఘట్టమన్నారు. "ఈ కేంద్ర సంరక్షకుల సగటు వార్షికాదాయము ఎనిమిదిన్నర లక్షలని తెలియజేయుటకు గర్విస్తున్నాను. రాష్ట్రమందు మరి ఏ కేంద్రమునకును ఇట్టి ఘనత లేదు. వయోధిక కార్మికులు పేదవారు, శిక్షణ వ్యయము భరించలేరు అను అపోహను ఈ గణాంకములు పటాపంచలు చేసినవి."

అల్లుళ్ళు ఒకళ్ళనొకళ్ళు గౌరవంగా చూసుకున్నారు. భానుమూర్తిగారు ఇంకో కాగితం తీశారు. "కావున ఈ కేంద్రమున ఎవ్వరికిని ఫీజు మినహాయింపు అవసరము లేదని ప్రధాన కార్యాలయము వారు సంతోషపూర్వకముగా నిర్ణయించినారు. బోధనా రుసుము, కోడిగుడ్ల ఖర్చు, నులిపురుగుల మాత్రలతో సహా తలకు నలభై అయిదు వేలు చెల్లించి సర్టిఫికెట్లు పొందవలసినది. గడువు శుక్రవారము."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నూకరాజు పని. దసరా పదిహేను రోజుల్లోకి వచ్చింది. కోల్డ్ స్టోరేజీలో పాతాయన అప్పుడే పెట్టె సర్దుకుంటున్నాడు. కట్టడానికి పైసా లేదు, చెవులకి దుద్దులు కూడా లేవు. తొమ్మిది లక్షల అల్లుణ్ణి అడుగుదామా అన్న ఊహ వచ్చి, వచ్చినంత వేగంగా పోయింది. అల్లుణ్ణి డబ్బడిగే మామ కూడా ఆ జిల్లాలో పుట్టలేదు. నూకరాజు నేల చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు కుర్చీల్లోంచి లోవరాజు లేచాడు. ఇస్త్రీ చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది.

"సారూ, ఆ తొమ్మిది లచ్చలూ అబద్దమండి" అన్నాడు. "నేను మేనేజర్ని కాదండి. మేత బస్తాలు లారీలకి ఎత్తుతానండి. ఏడాదికి లచ్చన్నర ఒత్తే గొప్ప. మా మావయ్యగారికి ఏమీ తెలీదండి, ఆయన కాగితం ఆపకండి."

మామగారి వంక మాత్రం చూడలేకపోయాడు. నూకరాజుకి కోపం రావాలి, న్యాయంగా అయితే. రాలేదు. ఆ బస్తాల కూలి మీద ఈ కుర్రాడు వచ్చిన ప్రతిసారీ పళ్ళగెలా, మిఠాయీ, పెట్రోలూ ఎలా తెచ్చాడా అని మనసులో లెక్కలేసుకున్నాడు. రెండిళ్ళూ ఒకరికొకరు మర్యాదలు చేసుకుంటూ ఒక ఉచిత సంతకం కోసం గుల్లయిపోయాయి.

ఒకడు గుమ్మం దాటితే తక్కినవాళ్ళకి దారి తెలుస్తుంది. అప్పలస్వామి అల్లుడు లేచి, తనది బ్యాంకు ఉద్యోగమే గానీ బ్యాంకు బయట తుపాకీతో నిలబడే ఉద్యోగమన్నాడు. ఇంకొకాయన కాంట్రాక్టరు కాదు, కాంట్రాక్టరు దగ్గర రంగులేస్తాడు. కాసేపట్లో పద్దెనిమిది మందీ నిలబడ్డారు. రాష్ట్రంలోకెల్లా సంపన్నమైన శిక్షణ కేంద్రం ఆ పూటకి ఆ హాల్లోనే దివాలా తీసింది.

భానుమూర్తిగారి మొహం ఎర్రబడింది. "ఇది తప్పుడు ధ్రువీకరణము. మీరందరును ఈ క్షణము నుండి సంరక్షకత్వమునకు అనర్హులు" అని ప్రకటించారు. అది ఆయన చెయ్యకూడని పని. పక్కనే సన్యాసిరావు నిబంధనావళి పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన చెంప గోక్కుని, లేచి, క్లాజు పంతొమ్మిది తీసి చదివాడు. ఎవరి పక్షమూ వహించకుండా, రోజూ హాజరు పిలిచే గొంతుతోనే చదివాడు.

"సంరక్షకుడు లేని శిక్షణార్థిని అనాథగా పరిగణింపవలెను. అనాథలకు సమస్త రుసుములనుండి మినహాయింపు కలదు. అట్టివారికి కేంద్రపు ప్రిన్సిపాలే సంరక్షకుడు. వారికి ఉద్యోగము దొరకువరకు భోజన వసతులు సంరక్షకుని బాధ్యత."

చదివి కూర్చున్నాడు. భానుమూర్తిగారు పుస్తకం లాక్కుని తను కూడా చదివారు. క్లాజు మారలేదు. శిక్షణార్థుల వరసలోంచి అప్పలస్వామి చెయ్యెత్తాడు. అయితే ఇకనుంచి తమరిని సార్ అనాలా, నాన్నగారూ అనాలా అని వినయంగా అడిగాడు.

భానుమూర్తిగారు ఆ సాయంత్రమే ప్రధాన కార్యాలయానికి స్పష్టత కోరుతూ రాశారు. నిబంధనలు యథాతథమని మూడో రోజుకే జవాబొచ్చింది. ఆ శాఖ చరిత్రలో అంత తొందరగా వచ్చిన జవాబు అదొక్కటే. ఈలోగా పద్దెనిమిది మంది అనాథలూ తలా ఒక కంచం పట్టుకుని ప్రిన్సిపాల్ క్వార్టర్స్‌కి చేరారు. అల్లరేం చెయ్యలేదు. వరండాలో బాసింపట్లు వేసుకుని, వంటింటి వైపు చూస్తూ బుద్ధిగా కూర్చున్నారు. మొదటి పూట ఆయన భార్య వండింది. రెండో పూట కూడా వండింది. మూడో పూటకి పుట్టింటికి బస్సెక్కింది. ఆదివారం ఎదుగుదల పట్టిక రాయాల్సి వచ్చి భానుమూర్తిగారే స్వయంగా అందరినీ తూచారు. తన ఇంటి అన్నం తిని అప్పలస్వామి కిలోన్నర పెరిగాడని తెలిసి ఆయనకి ఏడుపొచ్చింది.

ఉద్యోగము దొరకువరకు అన్న మాట అప్పుడు ఆయన మనసులో నాటుకుంది. శిక్షణ పొందినవాడికి పని దొరికిందా లేదా అన్న చింత ఆ శాఖలో ఏ అధికారికైనా కలగడం అదే మొదలు. సర్టిఫికెట్ల మీద రాత్రికి రాత్రే సంతకాలు పెట్టి, తెల్లారేసరికి టై కట్టుకుని ఊరి మీద పడ్డారు. ఐసు ఫ్యాక్టరీ యజమానిని బతిమాలారు. ఏసీ షాపువాడికి నమస్కారం పెట్టారు. కోల్డ్ స్టోరేజీ మేనేజరు దగ్గరికి నూకరాజుని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, "మావాడండి, బుద్ధిమంతుడు, మీ చేతుల్లో పెడుతున్నాను" అన్నారు. మేనేజరుకి నూకరాజు ముందే తెలుసు గానీ, ఒక గెజిటెడ్ ఆఫీసరు అంత దీనంగా అడుగుతుంటే కాసేపు విందామని ఊరుకున్నాడు. దసరాకి ముందే పాతాయన తాళాలు నూకరాజు చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

పని దొరికింది. జీతం మొదలయింది. కానీ అల్లుడు ఇంటికి రావడం మానేశాడు. పండక్కి పిలిస్తే ఒంట్లో బాగోలేదని కబురు పెట్టాడు. పద్మ ఒక్కతే వచ్చి, ఆయన ఎవరికీ మొహం చూపించలేకపోతున్నాడనీ, ఇస్త్రీ చొక్కాలు కూడా వేసుకోవడం మానేశాడనీ చెప్పి ఏడ్చింది. అబద్ధమాడాడని తనకి పెళ్ళయిన మూడో నెలలోనే తెలుసంది. చెబితే పరువు పోయేది మా ఇద్దరిదీ కదా అంది. రామతులసి కూతుర్ని దగ్గరికి తీసుకుని, కోడి లేకుండా కూడా అల్లుడికి అన్నం పెట్టొచ్చని నాకు మాత్రం ముందే తెలియక్కర్లేదా అని తననే తిట్టుకుంది.

ఆ ఆదివారం నూకరాజు పిలవకుండా అల్లుడింటికి వెళ్ళాడు. లోవరాజు బనీనుతో అరుగు మీద కూర్చున్నాడు. మామగారిని చూసి కంగారుగా లేచాడు. నూకరాజు వచ్చి అరుగు మీద పక్కనే కూర్చున్నాడు. చివరికి లోవరాజే, తలెత్తకుండా, ఒక సంగతి చెప్పాడు. మావయ్యగారు చెబుతుంటే విని తనకీ ఆ యంత్రాల పని మీద మనసు పడిందట. మొన్న సెంటర్‌కి వెళ్ళి అడిగాడట. సన్యాసిరావు పుస్తకం తీసి చూసి, పాత మూడో క్లాజు ఇప్పుడు లేదని చెప్పాడట.

"యాబై నిండాలంటండి" అన్నాడు లోవరాజు. "ఇంకో ఇరవై రెండేళ్ళు ఆగి రమ్మన్నాడండి. సీటు ఖాయమంట."

యాభై నిండినవాడికి దారి తెరిచి పాతికేళ్ళవాడికి తలుపేసిన ఆ ఒక్క ఉత్తర్వు మీద నూకరాజుకి అప్పుడు కలిగిన కోపం, ఆరు నెలలు బడిపిల్లాడిగా నిలబెట్టినప్పుడు కూడా కలగలేదు. బస్తాలెత్తి కాయలు కాచిన ఆ కుర్రాడి అరచేతులు చూశాడు. మంచి చేతులే. పెళ్ళయిన నాటి నుంచీ అల్లుడుగారూ అని తప్ప ఇంకోలా పిలవని మనిషి, మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు.

"లోవరాజూ, బండి తియ్యి."

కోల్డ్ స్టోరేజీలో ఆ పూట మేనేజరు యంత్రాల గది ముందే ఉన్నాడు. నూకరాజు వెనకాల లోపలికి వస్తున్న కొత్త మనిషిని చూసి ఆపాడు. ఇతనెవరనీ, బయటివాళ్ళని గదిలోకి రానివ్వకూడదనీ, ఏదైనా జరిగితే ఎవరు పూచీ అనీ అడిగాడు.

"మా అల్లుడండి. సాయంత్రాలు నా పక్కన నిలబడి పని నేర్చుకుంటాడు" అన్నాడు నూకరాజు. కంప్రెసరు పక్కనున్న నూనెగుడ్డ తీసి లోవరాజు చేతిలో పెట్టి, మేనేజరు వైపు తిరిగాడు.

"పూచీ నాదేనండి. నేనతని గార్డియన్ని."